మేకకొక పెగ్గు అంట! ఇదేం ఆటప్పా?

ఈ పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటాది. టమోటా రేటు గురించి కాదు, బోర్ల గురించీ కాదు. మన రచ్చకట్ట మీద ఆడే ఆట గురించి. చదివినాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, సగంలో ఆపి మాత్రం తిట్టొద్దు.

మా చుట్టుపక్కల కొంతకాలంగా ఒక కొత్త పద్ధతి చూస్తాండా. పొద్దు మునిగినాక నలుగురు కుర్రోళ్లు కట్ట మీదనో, తోటలో షెడ్డు కిందనో కూచుంటారు. సుద్దముక్కతో పులిమేక గీస్తారు. అంతవరకు బాగుండాది, మన తాతలు ఆడినదే కదా అనిపిస్తాది. తర్వాత చూస్తే రాళ్లకు బదులు సీసా మూతలు. మూడు పులులకు మూడు పెద్ద మూతలు, పదిహేను మేకలకు పదిహేను చిన్న మూతలు. నియమం ఏమంటే, మేక చస్తే మేకలోడు ఒక పెగ్గు తాగాల. పులి కట్టుబడితే పులోడు రెండు పెగ్గులు ఒకేసారి తాగాల. తాగనంటే ఆట నుంచి లేచిపోవాల, పైగా మొగోడు కాదని ఒక మాట పడాల.

బారాకట్టకూ ఇదే గతి. కాయ చంపితే చచ్చినోడు ఒక గుక్క. నాలుగు గవ్వలూ బోర్లాపడి అష్టా పడితే, వేసినోడు తప్ప మిగిలినోళ్లంతా తాగాల. ఇంకా చదువుకున్న పిల్లోళ్లయితే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాండారు. లూడో బోర్డు, దానిమీద కాయలకు బదులు చిన్న చిన్న గాజు గ్లాసులు. చదరంగం కూడా అట్లాంటిదే అమ్ముతాండారు, బంట్లూ ఏనుగులూ అన్నీ గ్లాసులే. ఎదుటోడి బంటును చంపితే ఆ గ్లాసు ఒకరు తాగాల. బెంగళూరులో రూము తీసుకుని పనిచేసే మన పిల్లోళ్లు పండక్కి వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకొని వస్తాండారు. ఊరికి అదొక ఫ్యాషన్ అయిపోయింది.

దీన్ని చూసి చాలామంది పెద్దోళ్లు నవ్వి ఊరుకుంటాండారు. "ఊరికే తాగేదానికంటే ఆడుకుంటా తాగుతాండారు, పోనీలే" అని. నేను చెప్పేది దానికి ఎదురుమాట. ఊరికే తాగేదానికంటే ఇది ఎక్కువ చెడ్డది. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను, వినండి.

ముందు ఆట గురించి. కొత్త పిల్లోళ్లలో సగంమందికి అసలు పులిమేక రాదు, మూతలు జరిపేది మాత్రం వచ్చు. పులిమేకలో గీతలు కలిసే చోట్లు 23. పులులు మూడు, మేకలు పదిహేను. పులి ఒక మేక మీద నుంచి దూకి అవతల ఖాళీగా ఉన్న చోట పడితే ఆ మేక చచ్చినట్టు. మేకకు దూకే బలం లేదు, చంపే బలం లేదు. పైగా పదిహేను మేకలూ పటం మీదికి దిగేదాకా ఒక్క మేక కూడా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతానే ఉంటాది. చూసేదానికి ఎంత అన్యాయమైన ఆటో కదా? కానీ తెలిసినోడు మేకలు పట్టుకుంటే పులులకు చెమటలు పడతాయి. ఎట్లా అంటే, మేక వెనకనే ఇంకో మేక ఉంటే పులి దూకలేదు, దూకి పడే చోటు ఉండదు కాబట్టి. ఒకదానికొకటి వెనక నిలబడుకుంటా, ఒక్కో చోటూ మూసుకుంటా వస్తే, చివరికి మూడు పులులూ ఎటూ కదల్లేక కట్టుబడిపోతాయి. కోర లేనివి కోరలున్న వాటిని కట్టేసే ఆట అది.

మన బతుకు కూడా అంతే కదన్నా. కరువు ఒక పులి, అప్పు ఒక పులి, మార్కెట్ ఇంకో పులి. మనం మేకలం. ఒంటరిగా దొరికినోడిని పులి తింటాది, వెనక మనిషి ఉన్నోడిని తినలేదు. ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవకుండా, కట్ట మీద నాలుగు చింతగింజలు, నాలుగు రాళ్లు పెట్టుకొని మన పెద్దోళ్లు నేర్చుకున్నారు. హంపిలో పాత మండపాల బండల మీద ఇట్లాంటి ఆటల పటాలు చెక్కి ఉండాయి. ఎండకు నీడకని మండపంలో కూచున్నోడు రాయి మీదనే గీత తొలిచి ఆడుకున్నాడంటే, ఆట మీద వాళ్లకు ఎంత ఇష్టమో చూడండి. మైసూరులో రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠాన అని ఒక సంస్థ ఉండాది. వాళ్లు ఈ పాత ఆటలన్నీ వెతికి, పటాలు కుట్టించి, కాయలు చేయించి, ప్రదర్శనలు పెడతాండారు. అక్కడ పట్నమోళ్లు డబ్బు పెట్టి కొనుక్కొని పోయి ఇంట్లో పిల్లోళ్లకు నేర్పిస్తాండారు. ఇక్కడ మన కట్ట మీద ఊరికే దొరికే ఆటను మనం సీసా మూతలపాలు చేస్తాండాం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పెగ్గు అంటే 30 మిల్లీలీటర్లు. సీసా మీద రాసి ఉంటాది చూడండి, 42.8 శాతం ఆల్కహాలు అని. అంటే ఒక పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు. మనిషి కాలేయం గంటకు అటూఇటుగా ఒక పెగ్గును మాత్రమే కరిగించగలదు. నీళ్లు తాగినా, మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా దాని వేగం పెరగదు. ఊరికే తాగేవాడు తన పాటికి తాను మాటలు చెప్పుకుంటా, ఉల్లిపాయ నంచుకుంటా తాగుతాడు. కడుపు వద్దంటే ఆపుతాడు. ఆటలో తాగేవాడికి వేగం ఆట చెప్తాది. అరగంట ఆటలో ఆరు మేకలు పోయినాయనుకోండి. ఆరు పెగ్గులు, 180 మిల్లీలీటర్లు, అంటే ఒక క్వార్టర్ మొత్తం. కరిగేదానికి ఆరు గంటలు పట్టే సరుకు అరగంటలో కడుపులో పడింది. ఆట అయిపోయి లేచేటప్పటికి ఇంకా సగం కూడా తలకెక్కి ఉండదు. "నాకేం కాలేదు, బాగున్నా" అని బండి తీస్తాడు. దారిలో ఎక్కుతాది.

ఇంకొక సంగతి చూడండి, ఇది అసలు సంగతి. ఏ ఆటలో అయినా ఓడిపోయినోడు ఏం చేస్తాడు? ఎక్కడ తప్పు పోయిందో ఆలోచిస్తాడు. మళ్లీ ఆటకు కొంచెం జాగ్రత్తగా ఆడతాడు. ఓడేకొద్దీ తెలివి పెరగాల. అందుకే పిల్లోళ్లను ఆటకు కూచోబెట్టేది. ఈ తాగుడాటలో ఓడినోడికి మందు పోస్తారు. మందు పడితే చూపు మసకబారుతాది, ఆలోచన మందగిస్తాది. ఇంకో మేక పోతాది. ఇంకో పెగ్గు పడతాది. ఓడేకొద్దీ తెలివి తగ్గుతాది, తెలివి తగ్గేకొద్దీ ఓడతాడు. అదొక గుంత, ఎక్కేదానికి మెట్టు లేని గుంత. ఆ గుంపులో ఆట సరిగా రానోడు, వయసులో చిన్నోడు, కొత్తగా తాగుడు మొదలుపెట్టినోడు ఎవడైతే ఉంటాడో, వాడే అందరికంటే ఎక్కువ తాగుతాడు. ఊరికే తాగే చోట చిన్నోడికి ఎవరో ఒక పెద్దోడు "ఇంక చాల్లేరా" అంటాడు. ఆటలో ఆ మాట అనేవాడుండడు. నియమం నియమమే అంటారు.

ఆటైనా ఆటగా మిగిలిందా అంటే అదీ లేదు. మేకల వైపు ఆడేవాడు ఒక్కోసారి ఒక మేకను కావాలని ఎరగా పెడతాడు. పులి దాన్ని తినేదానికి దూకితే, దూకిన చోట దాన్ని కట్టేస్తాడు. పులిమేకలో గొప్ప ఎత్తు అదే. మేకకొక పెగ్గు అన్నాక తాగకూడదనుకునేవాడు ఎర వేయలేడు, భయపడి ఆడతాడు. తాగాలనుకునేవాడు మేకల్ని వరసబెట్టి వదిలేస్తాడు. ఒకడికి భయం, ఇంకొకడికి ఆశ. ఇద్దరూ ఆట ఆడడంల్యా. మధ్యలో ఆ గీతలు ఎందుకు మరి? తాగేదానికి ఒక సాకు కోసం, అంతే.

వైకుంఠపాళి సంగతి ఇంకా విడ్డూరం. మన ఇళ్లలో శివరాత్రి జాగారానికో, ముక్కోటి ఏకాదశి రాత్రికో అవ్వలు, అక్కలు పటం పరిచి ఆడేవాళ్లు, నిద్ర పట్టకుండా. ఆ పటంలో నిచ్చెనలంటే మంచి గుణాలు, పాములంటే చెడ్డ గుణాలు. మన దేశంలో ఇట్లాంటి పాత పటాల్లో తాగుడు కూడా ఒక పాము. అప్పు ఇంకొక పాము. దొంగతనం, అబద్ధం, కోపం, అన్నీ పాములే. తాగుడు గడిలో పడ్డావంటే నోట్లో దూరి తోకలో తేలుతావు, కింద నుంచి మళ్లీ ఎక్కాల. ఇంగ్లీషోళ్లు దాన్ని వాళ్ల దేశానికి తీసుకుపోయి పాములు నిచ్చెనలు అని పెట్టుకున్నారు. ఇప్పుడు మనోళ్లు దాంట్లో కొత్త నియమం పెట్టినారు. పాము కరిస్తే ఒక పెగ్గంట! తాగొద్దని చెప్పేదానికి పాము గీసినారు పెద్దోళ్లు. ఆ పాము నోట్లో నుంచే మందు తాగుతాండారు చిన్నోళ్లు. ఇంతకంటే వెక్కిరింత ఉంటాదా?

నాకు తెలుసు, ఇక్కడికే కొందరికి కోపం వచ్చి ఉంటాది. మీ మాటలు కూడా నేనే చెప్తాను, జవాబులూ చెప్తాను.

"మా డబ్బుతో మేం తాగుతాం, నీకేం నొప్పి?" అంటారు. తమ్ముడూ, నీ డబ్బు లెక్క కూడా చూద్దాం రా. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చినప్పుడు క్వార్టర్ 99 రూపాయలకే అన్నారు. అందరూ చవక అనుకున్నారు. వారానికి నాలుగు రోజులు ఒక్కో క్వార్టర్ అనుకో. వారానికి 396. ఏడాదికి 52 వారాలు. మొత్తం 20,592 రూపాయలు. బోటీ, బజ్జీలు, నీళ్ల ప్యాకెట్లు, పెట్రోలు కలపలేదు. ఇప్పుడు శెనక్కాయల లెక్కకు వద్దాం. 2025-26కు శెనక్కాయలకు కేంద్రం చెప్పిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే నీ 99 రూపాయల చవక క్వార్టర్ ఏడాదికి దాదాపు మూడు క్వింటాళ్ల శెనక్కాయలు తాగేస్తాండాది. మన అనంతపురం ఎర్రనేలలో వానను నమ్ముకొని వేసిన చేను ఎకరాకు మూడు క్వింటాళ్లు ఇచ్చిందంటే మనం దేవుడికి టెంకాయ కొడతాం. ఆ ఎకరా దున్నింది ఎవరు, కలుపు తీసింది ఎవరు, ఎండలో కాయ కోసింది ఎవరు? మీ అమ్మ, మీ ఆడమనిషి. అందుకని "నా డబ్బు" అనే మాట కొంచెం మెల్లగా అను.

"తాతలు తాగలేదా? ఈత కల్లు తాగలేదా, సారాయి తాగలేదా?" అంటారు. తాగినారు. తాగి ఎంత కోల్పోయినారో కూడా మనకు తెలుసు, ఎవరి పొలం ఎవరికి పోయిందో ప్రతి ఊర్లో చెప్పేవాళ్లుండారు. కానీ తాతలు ఒక తేడా పాటించినారు. తాగే చోటు వేరే, ఆడే చోటు వేరే. కల్లు దుకాణం ఊరికి అవతల ఉండేది. రచ్చకట్ట ఊరి నడిమధ్యలో, మర్రి కిందనో, రావి కిందనో, గుడి ముందరనో ఉండేది. తాగినోడు కట్ట ఎక్కేదానికి సిగ్గుపడేవాడు. కట్ట మీద పంచాయితీ జరిగేది, పెళ్లి మాటలు జరిగేవి, ఆట జరిగేది. తాగనోడికి, డబ్బు లేనోడికి కూడా కూచునే హక్కు ఉన్న చోటు అదొక్కటే. దాన్ని కూడా బారు చేస్తే తాగనోడు సాయంత్రం ఎక్కడికి పోవాల? ఇంట్లో కూచొని ఫోను చూడాల, లేదంటే తాగడం నేర్చుకోవాల. మీరు ఆటను మాత్రమే పాడు చేయడంల్యా. తాగనోడిని ఊర్లో నుంచి వెలివేస్తాండారు.

"బలవంతం ఏం లేదు, ఇష్టమున్నోళ్లే ఆడతారు" అంటారు. ఇదే పెద్ద అబద్ధం. బలవంతం చేసేదానికే ఆ నియమం పెట్టింది. నువ్వు నా చెయ్యి పట్టి "తాగురా" అంటే నేను "వద్దన్నా" అనొచ్చు. నువ్వు నా మీద జబర్దస్తీ చేస్తాండావని నలుగురికీ కనపడతాది. ఆట నియమం అన్నాక నువ్వు నన్నేం అనాల్సిన పనిలేదు. పటమే అంటాది. నేను కాదంటే ఆటలో మోసం చేసినోడినవుతాను. మొగమాటం అనే తాడుకు నియమం అని పేరు పెట్టి మెడకు వేస్తాండారు. మనిషి తాగాలా వద్దా అని తనంతట తాను అనుకోవాల్సిన ఒక్క నిమిషం ఉంటాది చూడండి, ఆ నిమిషాన్ని ఈ ఆట తినేస్తాది. నాకు తాగుడు మీద కంటే దీనిమీదనే ఎక్కువ కోపం.

"పట్నంలో చదువుకున్నోళ్లే ఆడతాండారు, మనం ఆడితే తప్పా?" అంటారు. పట్నంలో వాడు ఆడి, తెల్లారి తొమ్మిదికి లేచి, తలనొప్పి మాత్ర వేసుకుంటాడు. వాడికి ఆదివారం సెలవు. మనకుందా? పట్టుపురుగు పెంచేవాళ్లను అడగండి. నాలుగో జ్వరం లేచినాక పురుగు తినే తిండి అంతా ఇంతా కాదు. మొత్తం పంటలో తినే ఆకులో ఎక్కువ భాగం ఆ చివరి వారంలోనే తింటాది. పొద్దునా, మధ్యాహ్నం, రాత్రీ వేళకు ఆకు పడాల. పండిన పురుగును చూసి చంద్రికెల మీదికి ఎక్కించాల. ఒక రాత్రి నువ్వు మూతలాట ఆడి పడుకుంటివా, తెల్లారి హిందూపురం మార్కెట్‌కు పోయే గూడు బరువు తగ్గిపోతాది. పురుగుకు నీ ఆట తెలవదు. ఆవుకు పాలు పిండే వేళ తెలుసు, నీ తలనొప్పి తెలవదు. రాత్రిపూట కరెంటు వస్తే మోటరు వేసేదానికి పోయే మనిషి తాగి స్టార్టర్ పెట్టెలో చెయ్యి పెడితే ఏమవుతాదో నేను చెప్పాల్నా? తడి కాలు, మత్తు కన్ను, మూడు ఫేజుల కరెంటు.

బండి సంగతి కూడా చెప్పి ముందుకు పోతా. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటి ఉంటే కేసే. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆరు మేకలు పోగొట్టుకున్నోడు ఆ 30ని ఎప్పుడో దాటి ఉంటాడు. జరిమానా కడితే తీరిపోతాది. మలుపు దగ్గర ఎదురుగా వచ్చిన లారీకి జరిమానా లెక్క తెలవదు.

మన హిందూపురానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉండాది. చిన్నోళ్లకు తెలియదు కాబట్టి చెప్తా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అనే ఊర్లో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా ఉండిరి. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుడుతో నాశనమైన ఒక ఇంటి కథ. అది చదివి, ఇది మా కథే కదా అని లేచినారు. సారాయి ఊర్లోకి రానీయమన్నారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం పెట్టక తప్పలేదు ప్రభుత్వానికి. 1994 డిసెంబరులో మన హిందూపురం నుంచి గెలిచిన ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రి అయ్యి మద్యనిషేధం మీద సంతకం పెట్టినాడు. 1995 జనవరి నుంచి రాష్ట్రంలో మద్యం బందు. అప్పుడు ఏమైంది? కర్ణాటక మనకు కూతవేటు దూరం. తాగాలనుకున్నోడు గౌరిబిదనూరు పక్కకు పోయి తాగినాడు, సందుల్లో దొంగసరుకు దిగింది. 1997లో నిషేధం ఎత్తేసినారు.

ఇది చెప్పింది రాజకీయం కోసం కాదు. ఏ పార్టీ వచ్చినా మందు ఆదాయం వదులుకోదు, అది అందరికీ తెలిసిన సంగతే. చట్టంతో ఆగేది కొంతే. కానీ దూబగుంటలో చట్టం రాకముందే తాగుడు ఆగింది, ఊరు వద్దనుకుంది కాబట్టి. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నిలబడినారు, పులి దూకేదానికి చోటు లేకుండా చేసినారు. పులిమేక ఆట బతుకులో ఆడి గెలిచినోళ్లంటే వాళ్లే. అట్లాంటి ఆటను తెచ్చి సీసా పక్కన పెట్టడం వాళ్లను కూడా ఎగతాళి చేయడమే.

ఇంక పిల్లోళ్ల సంగతి. మనం కట్ట మీద ఏం చేస్తే వాళ్లు కింద నిలబడి అది చూస్తారు. ఆట చూసే పిల్లోడికి మేక చచ్చినప్పుడు ఏం జరుగుతాదో గుర్తుంటాది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనోడికి మందు అమ్మకూడదని చట్టం. మందు అమ్మకపోతేనేం, ఆ పదేళ్లోడు ఇంటి దగ్గర చింతగింజలతో పులిమేక ఆడుకుంటా, మేక చస్తే గ్లాసులో రస్నా పోసి తాగిస్తాండాడు. నవ్వొచ్చే మాటే. కానీ వాడు ఆటతో పాటు ఏం నేర్చుకున్నాడో ఒకసారి ఆలోచించండి. గెలుపంటే ఎదుటోడి చేత తాగించడం అని నేర్చుకున్నాడు. ఓటమంటే తాగడం అని నేర్చుకున్నాడు. రేపు వాడికి పంట పోతే, ధర పడిపోతే, బతుకులో ఒక మేక చస్తే, వాడి చెయ్యి దేనిమీదికి పోతాది?

నేను మందు మానండి అని ఉపన్యాసం చెప్పేదానికి రాలేదు. చెప్పినా వినరని తెలుసు. నేను అడిగేది చిన్నది. తాగేవాడు తాగినట్టు తాగు, ఆటను వదిలిపెట్టు. ఆడేవాడు ఆడినట్టు ఆడు, సీసాను వదిలిపెట్టు. ఈ రెండిటికీ పెళ్లి చేయొద్దు.

దీనికి నేను అనుకున్న పనులు నాలుగు చెప్తా, బాగుంటే మీ ఊర్లో చేయండి.

ఒకటి. కట్ట మీద బండకు తెల్ల పెయింటుతో పులిమేక, బారాకట్ట పటాలు చక్కగా గీయించండి. డబ్బా పెయింటు ఖర్చు, ఒక పూట పని. పక్కన ఒక డబ్బాలో చింతగింజలు, గవ్వలు, గులకరాళ్లు పెట్టండి. సీసా మూతలు కట్ట మీద కనపడకూడదు, అంతే నియమం. నియమాలంటే అంత ఇష్టం కదా మనోళ్లకు, ఈ నియమం కూడా పెట్టుకోండి.

రెండు. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతారు, ఎద్దుల పందేలు పెడతారు. పులిమేక పోటీ పెట్టండి. గెలిచినోళ్లకు ఒక యూరియా బస్తానో, ఒక స్ప్రేయరు డబ్బానో ఇవ్వండి. డబ్బు పందెం మాత్రం వద్దు, అది ఇంకో రోగం. ఆడోళ్లను కూడా ఆడనివ్వండి. చిన్నప్పుడు బారాకట్ట మనకు నేర్పింది అవ్వలే కదా, కట్ట మీదికి వచ్చేటప్పటికి వాళ్లకు చోటు లేకుండా పోయింది. వాళ్లు నాలుగు రోజులు కట్ట మీద కూచుంటే సీసా దానంతట అదే దిగిపోతాది.

మూడు. ఆటలో తాగనని లేచిపోయే కుర్రోడు ఎవడైనా ఉంటే, వాడిని నవ్వొద్దు. వాడి వెనక ఒక్క పెద్దోడు నిలబడి "నా పక్కన కూచోరా" అంటే చాలు. వెనక మేక ఉంటే పులి దూకలేదని ఇందాకనే చెప్పుకున్నాం.

నాలుగు. ఎవడైనా ఎక్కువ తాగి స్పృహ లేకుండా పడిపోతే, నిద్రపోతాండాడులే అని వదిలేయొద్దు. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, వాంతి గొంతుకు అడ్డం పడి ప్రాణం పోతాది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒక మనిషి పక్కనే ఉండాల. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి మెల్లగా ఆగి ఆగి వస్తాన్నా వెంటనే 108కి ఫోను చేయండి. మానాలని ఉండీ మానలేనోళ్లకు 14446 అని ప్రభుత్వం ఉచిత నంబరు ఉండాది. ఫోను చేస్తే సలహా చెప్తారు. అందులో సిగ్గుపడేది ఏం లేదు.

ఇదంతా చదివి "వీడికి పనిలేదు, ఆట మీద కూడా పోస్టు రాస్తాడు" అనేవాళ్లకు ఒక మాట. మనకు వాన మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. కరెంటు ఎప్పుడొస్తాదో మన చేతిలో లేదు. కట్ట మీద మన ముందర ఏ పటం ఉండాలో, దాని పక్కన ఏముండాలో అది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉండాది. చేతిలో ఉన్న ఒక్కదాన్ని కూడా సారాయి అంగడోడి చేతికి ఇస్తే ఇంక మనకు మిగిలేదేముంది?

మీ ఊర్లో కూడా ఇట్లాంటి ఆట నడుస్తాంటే కింద రాయండి, పేర్లు మాత్రం రాయొద్దు, ఎవరి ఇంటి పరువూ మనకు వద్దు. పులిమేకలో మీ ఊరి పద్ధతి ఏంది, పులుల్ని మొదట ఏ గీత మీద పెడతారు, మేకల్ని ముందు ఏ వరసలో నింపుతారు అనేది కూడా రాయండి. ఒక్కో ఊర్లో ఒక్కో తీరు ఉండాది, చూద్దాం. తాతల ఎత్తులు తెలిసిన పెద్దోళ్లు ఇంట్లో ఉంటే ఈ రాత్రికే అడిగి తెలుసుకోండి. వాళ్లు పోయినాక అడిగేదానికి ఎవరూ ఉండరు.